చింపిన కొండలు

డాక్టరమ్మ మంచం దిగవద్దని చెప్పి మూడు నెలలు దాటింది.

అప్పటికే రెండుసార్లు నబ్బోసాకి కడుపు నిలవలేదు. ఈ బిడ్డా దక్కకపోతే తను బతకలేననుకుంది.

ఆమె భర్త మవేజ్జేకి అంతకంటే భయం. పొద్దున్నే అరటికాయ ముద్దను ఆకులో చుట్టి, ఫ్లాస్కులో టీ పోసి మంచం పక్కన పెట్టేవాడు. ఎవరైనా పిలిస్తే లేచి తలుపు తీస్తుందేమోనని బయట తాళం వేసుకుని కొట్టుకు వెళ్లేవాడు. మళ్లీ ఒంటిగంటకు మోటారు సైకిలు మీద వచ్చేవాడు.

సరదా మనిషే. పెళ్లాం దిగులు పడితే నవ్వించబోయేవాడు. తన స్నేహితులంతా అత్తగారు ఎదురొస్తుందేమోనని సందులు మారుతూ తిరుగుతారనీ, తనకి ఆ తిప్పలు లేవనీ అనేవాడు.

నబ్బోసాకి నవ్వు వచ్చేది కాదు. అంత పెద్ద కంపాలాలో ఆమెకు మిగిలింది మంచం పక్కనున్న ఒక్క కిటికీ. దానికీ ఊచలే.

పిచ్చెక్కకుండా ఉండటానికి బిడ్డ గది గోడకని ఒక బొమ్మ మొదలుపెట్టింది. చట్రానికి బిగించిన కాన్వాసు మీద ఆకాశం రంగు వేసింది. దాని మీద కాగితం కొండలు, పొర మీద పొర. మధ్యలో అట్టముక్కలు పెడితే ముందు కొండ నీడ వెనక కొండ మీద పడుతుంది.

కాని కొండలు రంపం పళ్లలా వస్తున్నాయి.

"కత్తిరించకు తల్లీ, చింపు."

కిటికీ బయట ఒక యాభై ఏళ్లావిడ నిలబడి ఉంది. నెత్తిన పాత కాగితాల మూట. వాటితో పూసలు చుట్టి అమ్ముతుందట.

ఊచల్లోంచి చెయ్యి చాచి, నీలం క్యాలెండరు కాగితం అందుకుని, మెల్లగా తన వైపుకు చింపింది. అంచు పొడుగునా సన్నగా తెల్లగీత తేలింది.

"ఇది మంచు. పొద్దున్నే మన కొండల మీద ఉండదూ, అదే."

ఆ నెలలో నబ్బోసా నవ్వడం అదే మొదలు.

ఆవిడ రోజూ వచ్చేది. సిమెంటు సంచుల కాగితం తెచ్చేది. లోపలికి రమ్మని, తలుపు తీయించి ఉంచుతానని ఎన్నిసార్లు చెప్పినా వద్దనేది. కిటికీ కిందే కూర్చుని చింపేది.

ఒకరోజు, మీ అమ్మ ఎక్కడుందని అడిగింది. తన రెండో ఏటనే పోయిందనీ, మేనత్తే పెంచిందనీ నబ్బోసా చెప్పింది. ఆ పూట ఆవిడ చింపిన కొండ వంకరపోయింది.

ఆవిడ పేరేమిటో అడగాలని నబ్బోసా అనుకుంటూనే ఉండేది. పెద్దమ్మా అని పిలవడంతోనే రోజులు గడిచిపోయాయి.

ఒక్కటే ఆమెకు వింతగా ఉండేది. మోటారు సైకిలు చప్పుడు వినిపిస్తే చాలు, ఆవిడ తలగుడ్డను ముఖం మీదికి లాక్కుని పక్కింటి అరటి చెట్ల వెనక్కి వెళ్లిపోయేది.

అలా వెళ్లిపోతుంటే మూడోసారి మవేజ్జే చూశాడు. పిలిస్తే ఆవిడ ఆగలేదు, తల తిప్పలేదు.

"నన్ను చూసి దాక్కునేదానికి మన ఇంటి దగ్గర పనేంటి?"

నబ్బోసా ఎంత చెప్పినా వినలేదు. దొంగలు ముందు ఇలాంటివాళ్లనే పంపి ఇల్లు చూసి రమ్మంటారన్నాడు. సుత్తి తెచ్చి కిటికీకి రేకు కొట్టేశాడు.

గది పట్టపగలే చీకటైంది. బల్బు వేసుకుని కూర్చుంటే గోడలు దగ్గరికి జరుగుతున్నట్టుండేది.

మర్నాడు అదే వేళకు రేకు మీద వేలితో తట్టిన చప్పుడు, మూడుసార్లు.

పలికితే ఆవిడ రేపూ వస్తుంది. మవేజ్జే చూస్తే గొడవ. ఆ గొడవకు తన ఒళ్లు తట్టుకోదు. నబ్బోసా కడుపు మీద చేతులు పెట్టుకుని ఊపిరి బిగబట్టింది.

ఆరు రోజులు అలాగే జరిగింది. ఆరు రోజులూ ఆమె పలకలేదు.

ఏడో రోజు చప్పుడు లేదు. రేకు కింది సందులోంచి ఒక కాగితం మాత్రం లోపలికి జారింది. సిమెంటు సంచి కాగితం నుంచి చింపిన పొడవాటి కొండ. చట్రానికి ఈ చివర నుంచి ఆ చివరకు సరిగ్గా సరిపోయింది.

ఆ తర్వాత ఆవిడ రాలేదు.

ఆడపిల్ల పుట్టింది, బొద్దుగా. బిడ్డకు నీళ్లు పోయడానికి మసాకా నుంచి మేనత్త వచ్చింది. మేనత్తను వాళ్లలో సెంగా అంటారు. గోడ మీద బొమ్మ చూసి ముచ్చటపడి, కొండలు చింపడం ఎవరు నేర్పారని అడిగింది.

నబ్బోసా అంతా చెప్పింది.

బిడ్డకు నీళ్లు పోస్తున్న సెంగా చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి.

"ఇంట్లోకి ఎప్పుడైనా వచ్చిందా?"

"ఎంత పిలిచినా గడప తొక్కలేదు సెంగా."

"మీ ఆయనకు ముఖం చూపించిందా?"

"లేదు. అందుకే దొంగనుకున్నాడు."

సెంగా బిడ్డను తుండులో చుట్టి ఒళ్లోకి తీసుకుని, చాప మీద కూలబడింది.

"పిచ్చిదానా, మనలో ఆడది అలా ముఖం దాచుకునేది ఎవరి దగ్గర? కూతురి మొగుడి దగ్గరే కదే."

నబ్బోసాకి అర్థం కాలేదు. మా అమ్మ ఎప్పుడో చచ్చిపోయింది కదా అంది.

సెంగా తలెత్తలేదు.

"ఆ మాట నీకు చెప్పింది నేనేనే" అంది.