క్యాలెండరు మేకు

"పదింట్లో నాలుగే ఒప్పు!" అన్నాడు మేనేజరు విశ్వేశ్వరరావు. "బోర్డు తేవడానికి ఇంతసేపా ఆంజనేయులు గారూ? మీరొచ్చేలోపు బోర్డు లేకుండా జరగాల్సిన సగం పరీక్షా కానిచ్చేశాం."

ప్లైవుడ్ బోర్డు చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డ సీతారామాంజనేయులుకి ఆ నాలుగు అంకె వినగానే ప్రాణం లేచొచ్చింది. బోర్డు లేనప్పుడు లేతు మిషను నడిపే ఎల్లేశం ఎన్ని తప్పులు చేస్తే బోర్డుకి అంత విలువ. పాపం, ఎల్లేశం మాత్రం స్టూలు మీద కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. లేతు ముందు నిలబడితే పులి. కాగితం ముందు కూర్చోబెడితే ఇదిగో, ఇలా ఉంటాడు.

బాలానగర్‌లోని ఆ ఫ్యాక్టరీలో అరగంటకోసారి లేతు మీద తయారయ్యే బుష్‌, అంటే చిన్న ఇనప గొట్టంముక్క, ఒకటి తీసి కొలిచి, చార్టులో ఒక చుక్క పెడతారు. చుక్క ఎర్రగీత దాటిందా, మిషను ఆపాలి. దాటకపోయినా, ఏడు చుక్కలు వరసగా పైకే ఎక్కుతూ పోతుంటే అప్పుడూ ఆపాలి. చుక్క పెట్టడం అందరికీ వచ్చు. పెట్టిన చుక్కలు ఏం చెబుతున్నాయో మాత్రం ఎవరికీ అంతుపట్టదు. దాన్ని బొమ్మల్లో చెప్పాలని ఆంజనేయులు ఎనిమిది నెలలు తల బద్దలు కొట్టుకున్నాడు. చుక్కల వరసలు గీయించి, ఆపాల్సిన వాటి పక్కన ఎర్ర అరచెయ్యి, నడపాల్సిన వాటి పక్కన పచ్చ చక్రం వేయించాడు.

ఇవాళ నెగ్గితే ఆ బోర్డు నలభై లేతుల దగ్గరా వెలుస్తుంది. ఓడితే బోర్డు క్యాంటీన్ పొయ్యిలోకి, ఆంజనేయులు మళ్లీ స్టోర్సులోకి. స్టోర్సులో నట్లు లెక్కపెట్టిన మూడేళ్లు గుర్తొస్తేనే అతనికి అన్నం సయించదు.

"భయపడకు ఎల్లేశం," అన్నాడు మేనేజరు. "ఈ పరీక్ష నీక్కాదు, బోర్డుకి."

"బోర్డుకైతె నన్నెందుకు పరేషాన్ చేస్తున్రు సారు?" అన్నాడు ఎల్లేశం.

ఆ గది గోడకి ఉన్నది ఒకే ఒక్క మేకు. ఆంజనేయులు దాని మీది డెబ్బై నాలుగో సంవత్సరం క్యాలెండరు తీసి బల్ల మీద పెట్టి, బోర్డు తగిలించాడు. ఇన్నాళ్లూ క్యాలెండరు తప్ప ఇంకే బరువూ ఎరగని ఆ మేకు ఉన్నపళంగా కిందికి వంగింది.

"ఫరవాలేదండి, నేను పట్టుకుంటాను," అని అతను పక్కనే నిలబడి, ఎడమచేత్తో బోర్డుని గోడకి అదిమిపెట్టాడు.

మేనేజరు పదకొండో కాగితం చూపించాడు. ఏడు చుక్కలు బుద్ధిగా ఒకదాని మీదొకటి పైకి ఎక్కుతున్నాయి. ఇరవై కాగితాలూ ఆంజనేయులు స్వయంగా గీసినవే, జవాబులన్నీ అతనికి కంఠతా వచ్చు. ఎల్లేశం కాగితం చూశాడు. బోర్డు చూశాడు.

"నడు..." అన్నాడు.

ఆంజనేయులు గుండె గుభేలుమంది. ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

"...ఆపాలె సారు," అని ముగించాడు ఎల్లేశం.

"ఒప్పు!"

తరవాతి కాగితం తేలిక. చుక్కలన్నీ గీతల మధ్యనే అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఎల్లేశం బోర్డు వైపు చూసి, "నడుపొచ్చు," అన్నాడు. ఆ పైది ఎర్రగీత దాటిన చుక్క. వీడు ఇక్కడ బోల్తా పడతాడేమోనని ఆంజనేయులుకి చెమటలు పట్టాయి, కళ్లద్దాలు మళ్లీ జారాయి. తోసుకున్నాడు. "ఆపాలె," అన్నాడు ఎల్లేశం.

"గమనించారా?" అన్నాడు మేనేజరు సంబరంగా. "ప్రతిసారీ మీ బోర్డు వైపు చూస్తేగానీ నోరు విప్పడం లేదు!"

ఆంజనేయులు గమనించాడు. ఎనిమిది నెలల కష్టం కళ్ల ముందు ఫలిస్తుంటే ఎవరు గమనించరు? చివరి కాగితం దాకా ఒక్కటీ తప్పు పోలేదు.

"పదికి పది!" మేనేజరు లేచి ఆంజనేయులు భుజం తట్టాడు. "సోమవారంకల్లా నలభై బోర్డులు కావాలి. పెయింటరుకి ఇప్పుడే కబురు పెడతాను. స్టోర్సు సంగతి ఇక మర్చిపోండి." కాగితాలు తీసుకుని హడావిడిగా వెళ్లిపోయాడు.

ఆంజనేయులు కళ్లు చెమర్చాయి. ఆనందం పట్టలేకపోతున్నా పద్ధతి గల మనిషి కనక, ఖాళీగా ఉన్న చేత్తో జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు. "ఎల్లేశం, నిజం చెప్పు. నీకు ఏ బొమ్మ బాగా పనికొచ్చింది?"

ఎల్లేశం బుర్ర గోక్కున్నాడు. "బొమ్మలదేముంది సారు. ఆ ఎర్ర చెయ్యి చూస్తె దేవుడు దీవిస్తున్నట్టె కనబడ్డది. మంచిగ నడుపుకో బిడ్డా అంటున్నడనుకున్న. అందుకే మొదట్ల నడుపుమని చెప్పబోయిన. అంతల మీరు కండ్లద్దాలు పైకి తోస్తిరి."

"అయితే?"

"ఇగ అప్పటిసంది మిమ్ములనే చూస్కుంట చెప్పిన. అద్దాలు తోస్తె ఆపుడు, తొయ్యకుంటె నడుపుడు. మంచిగ సాగింది గద!"

ఆంజనేయులు తనకు తెలియకుండానే బోర్డు మీది చెయ్యి తీసేశాడు. మేకుతో సహా బోర్డు ఊడి కింద పడింది.

ఎల్లేశం దాన్ని లేపి, తువ్వాలుతో దుమ్ము దులిపి, జాగ్రత్తగా గోడకి ఆనించాడు. అతనికి పట్టుకున్న ఆలోచన వేరే ఉంది.

"అంత మంచిగనే ఉంది గని సారు," అన్నాడు, "నలభై మిషిన్ల కాడ మీరొక్కరే ఎట్ల నిలబడ్తరు?"