నాలుగో గడి

“వచ్చే నెల నుంచి ఇక్కడ ఒక్క కుర్చీయే ఉంటుంది. ఎవరి చూపు చురుకో మీ రికార్డే తేలుస్తుంది” అనేసి అబ్జర్వేటరీ అధికారి మెట్లు దిగిపోయాడు. మేడ మీద తాతయ్య, అమ్మమ్మ, లాప్‌టాప్ ముందు మనవరాలు మిగిలారు.

ఆ ముసలివాళ్ళ ఉద్యోగం చూస్తే ఎవరికైనా కన్ను కుడుతుంది. సాయంత్రం పక్కపక్క కుర్చీల్లో వాలి, ఆకాశం మెల్లగా నీలం వదులుతుంటే, ఒక్కో చుక్క కంటికి ఆనగానే ఎవరి మీట వాళ్ళు టక్కున నొక్కాలి. అంతే పని. నొక్కే ముందు “అదిగో!” అనడం అమ్మమ్మకి ఓ ఏడాదిగా పట్టుకున్న అలవాటు.

నొక్కిన సమయం సెకనులో కోటో వంతు దాకా నమోదవుతుంది. ఏ చుక్కదైనా ఒకే పొడుగు, బారెడు సంఖ్య. మనవరాలు ఒక్కోదాన్ని నాలుగు గడులుగా విడగొట్టింది: పై గడిలో తేదీ, రెండో దాంట్లో గంటా నిమిషాలు, ఆ కింద ఇంకా చిన్న తునకలు.

“ఇవన్నీ పోల్చేసరికి తెల్లారదూ?” అంది అమ్మమ్మ.

“అంతా చూడక్కర్లేదు అమ్మమ్మా. పై గడి నుంచి మొదలుపెట్టి, తేడా వచ్చిన చోట ఆపేస్తా. ఇద్దరి కళ్ళకీ నిమిషాల తేడా ఉంటుందిగా, రెండో గడి దాటే పనే ఉండదు.”

ఏడాది పొడుగునా పొడిచిన చుక్కలన్నీ అంకెలై తెర మీద జారిపోయాయి. మనవరాలి నొసలు ముడిపడింది. ప్రోగ్రాం ప్రతి చుక్కకీ నాలుగో గడి దాకా దిగుతోంది. పై మూడు గడులూ ఎప్పుడూ ఒకటే. నాలుగో దాంట్లో మాత్రం ప్రతిసారీ తాతయ్యదే చిన్న సంఖ్య.

“ప్రతి చుక్కకీ రెప్పపాటు ముందు తాతయ్యే! కుర్చీ నీదే తాతయ్యా!”

తాతయ్య మొహం వెలగలేదు. చేతిలో మీట పక్కన పెట్టేశాడు.

“నాకు చుక్క కనబడి ఏడాది దాటిందమ్మా. కళ్ళు మసకేశాయి. మీ అమ్మమ్మ ‘అదిగో’ అనగానే నొక్కేవాణ్ణి. చెబితే ఈవిడ పక్కన కూర్చునే ఈ సాయంత్రాలు పోతాయని భయపడ్డాను. దొంగ గెలుపు నాకొద్దు. కుర్చీ ఆవిడకే రాయి.”

మనవరాలు అయోమయంగా అమ్మమ్మ వైపు తిరిగింది. “ముందు చూసింది నువ్వయితే, నీ సంఖ్య వెనక పడిందేమిటి?”

అమ్మమ్మ తాతయ్య మీటని మళ్ళీ ఆయన గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూసింది.

“మీ మీట టక్కుమన్నాకే కదండీ నేను నొక్కింది. ఏడాదిగా ‘అదిగో’ అని ఎవరికోసం అరుస్తున్నాననుకున్నారు?”