రోగం పసిగట్టే ఈగలు

ఫలితం ఫోన్లో చెప్పినా సరిపోయేది. అయినా అనూరాధ ల్యాబ్‌కి సెలవు పెట్టి, బస్సెక్కి పెందుర్తి వచ్చింది.

గంగాలమ్మ జీడితోటలో నలభై తేనెటీగల పెట్టెలుండేవి. నిరుడు పిల్లపురుగులకు రోగం తగిలి ముప్పైతొమ్మిది ఖాళీ అయిపోయాయి. మిగిలిన ఒక్క పెట్టెలోంచి కొన్ని ఈగల్ని పట్టుకెళ్ళి పరీక్షించింది అనూరాధ.

"మరి ఈటికెందుకు రాలేదు మేడమ్ ఆ రోగం?" పీట వేస్తూ అడిగింది గంగాలమ్మ.

"వీటికీ వచ్చింది. కాని వీటి డీఎన్‌ఏలో ఒక గుర్తు ఉంది. అది ఉన్న ఈగలు జబ్బు పిల్లని వాసనతోనే పసిగడతాయి. అది ఉన్న మైనపు గది మూత కొరికి, బయటికి లాగి పడేస్తాయి. అందుకే మిగతా పిల్లలు బతికాయి. ఇక ఈ పెట్టెలోని రాణి ఈగ సంతతినే పెంచి రైతులందరికీ ఇస్తాం."

గంగాలమ్మ మొహంలో సంతోషమేమీ కనబడలేదు. పెట్టె వైపే చూస్తూ అడిగింది.

"సొంత గూటి పిల్లనే?"

"అవునండీ."

"పడేసిన పిల్ల ఒక్కటైనా బతకదేటి?"

అనూరాధ "మీకెంతమంది పిల్లలు?" అని అడిగింది.

గంగాలమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

"ఇద్దరు మగపిల్లలు. పెద్దోడు ఆటోనగర్లో వెల్డింగు సేత్తన్నాడు. సిన్నోడు లారీ తోల్తాడు."

"అంతేనా?"

"అంతే."

అనూరాధ తల వంచుకుంది. "బతకదండీ. ఒక్కటి కూడా బతకదు."

గంగాలమ్మ లేచి లోపలికెళ్ళింది. ఎంతసేపటికో అన్నం కంచంతో వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎండలో పడొచ్చినారు. రెండు ముద్దలు తినెల్లండి."

ఎండుచేపల పులుసు. అనూరాధ అడిగి మరీ రెండోసారి వడ్డించుకుంది. కంచం తనే కడిగి బోర్లించింది. తోట దాటేదాకా వెనక్కి చూడలేదు.

ముప్పై ఏళ్ళ కిందట గంగాలమ్మ ఆసుపత్రి వరండాలో వదిలేసి వెళ్ళిన, జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న ఆడపిల్ల బతికే ఉందనీ, అది తనేననీ చెప్పడానికే ఆ పొద్దున అనూరాధ బస్సెక్కింది.