సాయవ్వ వంతు

సాయవ్వ బాపు గారికి,

పదో తారీఖులోగా సాయవ్వ రాకపోతే ఆమె చోటు ఇంకొకరికి ఇస్తామని హాస్టల్ పంతులమ్మ ఈ పొద్దున చెప్పింది. అందుకే ఇవాళే రాస్తున్నాను. మీ మీద కోపంతోనే రాస్తున్నాను.

నిన్న మీరు రుద్రూర్ నుంచి వచ్చేసరికి సాయవ్వ బావి దగ్గర బూడిదతో పళ్లేలు తోముతోంది. "సదువుకని తోలిస్తే నా బిడ్డతోని బోళ్లు తోమిస్తున్రా? దొర ఇంట్ల మేం జేసిన చాకిరి సాలదా?" అని అరిచారు.

"బాపూ, జర ఆగు, ఒక్క మాట ఇను" అంటూ నేను గేటు దాకా వెంటపడ్డాను.

"పక్కకు జరుగు పొల్లా, నీకేం ఎరుక!" అని కసిరి, ఏడుస్తున్న పిల్ల మాట కూడా వినకుండా లాక్కుపోయారు.

ఆ చాకిరి ఏమిటో నాకు ఎరుకే. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే.

ఇక్కడ పళ్లేలు అందరం వంతులవారీగా తోముతాం. సాయవ్వకు మాత్రం ఇన్నాళ్లూ వంతు ఇవ్వలేదు. మీ కులం పిల్ల ముట్టిన పళ్లెంలో తినేది లేదని కొందరు మొండికేశారు. "గట్లయితే మాకు సుత బువ్వ వద్దు" అని మేం పస్తులు కూర్చుంటే పంతులమ్మ దిగివచ్చింది. నిన్నటిది ఆమె మొదటి వంతు.

ఆ పళ్లేల్లోనే నిన్న హాస్టలంతా అన్నం తిన్నది. సాయవ్వ ఒక్కతే లేదు.

ఈ కార్డు ఆమెతోనే చదివించుకోండి. ఆమెను ఏ రోజు పంపిస్తారో పదో తారీఖుకు ముందే నాకు జవాబు రావాలి. అది ఆమె చేతిరాతలోనే ఉండాలి.

ఇట్లు,
రాధాబాయి