లోపలి మడత

“ఇరవై రెండేళ్ళొచ్చాయి. ఇంకేం ఎదుగుతానని కొలుస్తారాంటీ?”

కళ్ళజోళ్ళ షాపులో ఇద్దరు కస్టమర్లు ఇటు తిరిగి చూశారు. అక్కడ పనిచేసే పొట్టికి తల కొట్టేసినట్టయింది.

టేపు ఆంటీ మాత్రం కౌంటర్ పక్కన నవ్వుతూనే నిలబడింది. మెడలో గుడ్డ టేపు. ముక్కు మీద కళ్ళజోడు. దాని కాడ ఒకటి విరిగితే దారం కట్టింది.

“ఒక్క నిమిషమే, పొట్టీ. అలా గోడకి ఆనుకుని నిలబడు చాలు.”

“మీ సర్వే వాళ్ళకి వేరే పనేం లేదా? నాకుంది. వెళ్ళండాంటీ.”

ఆవిడ టేపు మడిచి సంచిలో పెట్టుకుంది. పొట్టి భుజాల వైపు ఒకసారి, కాళ్ళ వైపు ఒకసారి తేరిపార చూసింది.

“ఫరవాలేదులే. కంటి కొలత తీసుకున్నా,” అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పసిపిల్లలు పెద్దయ్యేదాకా ఎలా ఎదుగుతారో చూద్దామని ఒక సంస్థ మొదలుపెట్టిన సర్వే అది. ఆ పిల్లల్లో పొట్టి ఒకతి. తల్లి పోయి, మేనమామ ఇంట్లో పెరిగింది.

ఏడాదికోసారి వీధి చివర వ్యాను ఆగేది. డ్రైవరు, బరువు చూసే మిషను, ఇనప టేపు, వాటి వెనక ఆంటీ దిగేవారు.

“ఇవాళ ఏం తిన్నావు?”

“మూడు రకాల కూరలు. పైన పాయసం.”

లోపల గిన్నెలు కడుగుతున్న అత్త కిసుక్కున నవ్వేది. పొట్టి అలా కోతలు కోస్తూనే ఉండేది, ఆంటీ అన్నీ నమ్మినట్టు తలాడించేది. ఏడాది మొత్తంమీద పొట్టి మాటని చివరిదాకా విన్న మనిషి ఆవిడొక్కతే.

కొన్నాళ్ళకి వ్యాను రావడం మానేసింది. ఆంటీ బస్సు దిగి నడిచి వచ్చేది.

“బరువు మిషనేదీ ఆంటీ?”

“మొయ్యలేకపోతున్నానే. నీ ఎత్తు చాల్లే.”

ఇనప టేపు పోయి గుడ్డ టేపు వచ్చింది. ఎత్తుతో ఆగకుండా భుజాలు, చేతులు, నడుము కూడా కొలిచేది. నెల తిరిగేలోగా పార్సిల్లో ఒక డ్రెస్సు వచ్చేది.

“సర్వేలో ఉన్న పిల్లలందరికీ పంపుతున్నారు,” అని చెప్పేది ఆంటీ.

మామయ్య కూతురు విడిచినవే తొడుక్కునే పొట్టికి, ఒంటికి అతికినట్టుండే కొత్త బట్ట ఏడాదికి అదొక్కటే. అది వేసుకున్న రోజు పొట్టికి పట్టపగ్గాలుండేవి కావు. చేతుల దగ్గర, కింద అంచులో లోపలి మడత ఎక్కువ పెట్టి కుట్టి ఉండేది. పొడుగైతే విప్పుకోవచ్చు.

“ఎవరో గానీ ఆ ఆఫీసులో బుర్రున్న మనిషే,” అనేది అత్త, కుట్లు విప్పుతూ.

పదహారో ఏట పొట్టి లెక్కల్లో తప్పింది. ఆ ఏడు ఆంటీ టేపు తీయకముందే మార్కులడిగింది.

“మీ సర్వేకి అదెందుకాంటీ?”

“నువ్విలా తప్పితే మా సర్వే పరువేం కానూ?”

నవ్వొచ్చింది పొట్టికి. సర్వే పరువు కోసమే అన్నట్టు మళ్ళీ రాసి పాసయింది.

పొట్టి పొడుగైంది, ఆ పేరు మాత్రం ఊడలేదు. చదువయ్యాక కళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం దొరికింది. దాంతోపాటు కాస్త డాబూ వచ్చింది. ఆ డాబుతోనే ఆవేళ ఆంటీని పంపేసింది.

అయినా పార్సిల్ రానే వచ్చింది.

తొడుక్కుని అద్దంలో చూసుకుంది. ఎక్కడా వంక లేదు. చేతి అంచు తిప్పితే, లోపల అదే మడత.

“ఇంత గాడిదకి ఈ మడతెందుకు!” అని నవ్వబోయి ఆగి, ఆ అంచుని మళ్ళీ మెల్లగా లోపలికి సర్దింది.

మర్నాడే షాపులో మంచి ఫ్రేము ఒకటి ఏరి పక్కన పెట్టింది. ఆంటీ వస్తే ముందు కళ్ళు పరీక్ష చేసి, ఆ దారం కళ్ళజోడు పారేయించాలి. తర్వాత బుద్ధిగా గోడకి ఆనుకుని నిలబడాలి.

ఏడాది తిరిగింది. ఆంటీ రాలేదు.

తలుపు చప్పుడైనప్పుడల్లా చూసి చూసి, ఇక ఆగలేక పొట్టి సెలవు పెట్టి సర్వే ఆఫీసు వెతుక్కుంటూ వెళ్ళింది. ఒంటి మీద ఆ డ్రెస్సు, చేతిలో ఆ ఫ్రేము.

అక్కడి గుమాస్తా పెద్దాయన. టేపు ఆంటీ అనగానే పోల్చుకున్నాడు.

“ఆవిడా? పోయి ఆర్నెల్లయిందమ్మా.”

పొట్టి చేతిలో ఫ్రేము బల్ల మీద పెట్టింది. ఆయన చూపించిన కుర్చీలో కూలబడింది. “మరి ఆవిడ బదులు ఎవరినీ పంపలేదేం? ఈ ఏడాది నన్నెవరూ కొలవలేదు,” అంది.

“కొలవడమేంటమ్మా? మీ పిల్లలందరికీ ఎనిమిదేళ్ళప్పుడే ఆ సర్వే ఆపేశారు. ఆవిడ ఉద్యోగం కూడా అప్పుడే పోయింది.”

“కాదండీ, పోయినేడు కూడా వచ్చారు. అందరికీ పంపినట్టే నాకూ డ్రెస్సు పంపారు. ఇదిగో, ఇదే.”

పొట్టి చేతి అంచు తిప్పి చూపించింది. పెద్దాయన ముందుకి వంగి ఆ మడత చూశాడు.

“మా ఆఫీసు ఎవరికీ బట్టలివ్వలేదమ్మా,” అన్నాడు మెల్లగా. “ఉద్యోగం పోయాక ఆవిడ ఊరివాళ్ళ బట్టలు కుట్టి బతికింది.”