ఎస్కిల్ ఊలుచెప్పులు

ఎస్కిల్ రాడార్ స్టేషన్‌కు వచ్చేసరికి గుమ్మం దగ్గరి మేకుకు అతని ఊలుచెప్పులు లేవు.

బూట్లు బయట విడిచి, ఎవరి ఊలుచెప్పులు వాళ్ళు తొడుక్కుని లోపలికి వెళ్ళడం అక్కడి పద్ధతి. చేసేదిలేక మేజోళ్ళతోనే నడిచాడు.

చెప్పులు ఒక ముసలావిడ కాళ్ళకున్నాయి. ఆవిడ అతని కుర్చీలో కూర్చుని, అతని కంప్యూటర్ తెర చూస్తోంది.

"ఎవరండీ మీరు?"

"తూరిద్ అంటారు. ఓడ్‌వార్ పిలిస్తే వచ్చాను. నిలబడ్డావేం, కూర్చో బాబూ."

తన గదిలో తనకే మర్యాదా! పాదాలు గడ్డకడుతున్నా ఎస్కిల్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

ధ్రువం మీద, వందల కిలోమీటర్ల ఎత్తున, విద్యుత్తు నిండిన పలచని గాలి నదిలా పారుతుంటుంది. ప్లాస్మా అంటారు దాన్ని. అది ఎటు పారుతోందో కనిపెట్టడమే రాడార్ పని. ఇక్కడి రాడార్ అంకెలూ, దీవిలో ఉన్న మరో రాడార్ అంకెలూ కలిపి చూసి, ఈ చలికాలం ఆ నది ఎదురు పారిందని ఎస్కిల్ పట్టుకున్నాడు. శుక్రవారం ఆ నివేదిక స్టేషన్ పెద్ద ఓడ్‌వార్ చేతిలో పెడితే పర్మనెంటు ఉద్యోగం తనదేనని అతని ధీమా.

"బాబూ, ఇందులో ప్లస్ అంటే ప్లాస్మా మన వైపు వస్తున్నట్టా, పోతున్నట్టా?"

"పోతున్నట్టు. ఇక్కడ వంటమనిషికి కూడా తెలుసు."

"మరి దీవిలో ఉన్న రాడార్‌కో?"

"చూడండి బామ్మగారూ, నా తప్పు దిద్దగల మనిషి ఒక్కడే ఉన్నాడు. నా మొదటి వ్యాసాన్ని సైన్సు పత్రికవాళ్ళు సరిచూడమని ఆయనకు పంపితే, పేరైనా చెప్పకుండా పదకొండు పేజీలు రాసి నన్ను గట్టెక్కించాడు. కనిపిస్తే ఆయనకు నా చేత్తో కాఫీ పోసిస్తా. మీకు మాత్రం కాదు."

"అలాగా," అని తూరిద్ సంచిలోంచి అల్లిక తీసుకుంది.

ఆరోజే రెండు నెలల తరువాత సూర్యుడు మొదటిసారి కొండ మీదికి వచ్చాడు. మధ్యాహ్నం అందరూ కిటికీ దగ్గర చేరారు. సూర్యుడొచ్చిన రోజు తినే బన్నులు వేడివేడిగా వచ్చాయి. మొదటి బన్ను ఆ ఏడాది అందరికన్నా మంచి పని చేసినవాళ్ళకి ఇస్తారు.

ఎస్కిల్ అప్పటికే చెయ్యి చాపాడు.

ఓడ్‌వార్ ఆ బన్ను తూరిద్‌కిచ్చాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఎస్కిల్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ ఉద్యోగం కూడా ఈవిడకే కట్టబెడతారేమో! నిన్నగాక మొన్న వచ్చిన మనిషి కూడా కాదు, ఇవాళే వచ్చింది!

"బన్ను తింటే తిన్నారు. ఆ చెప్పులు నావి," అన్నాడు అందరి ముందూ.

అందరూ ఆవిడ కాళ్ళ వంక చూశారు.

తూరిద్ చెప్పులు విప్పి, జతగా అతని ముందు పెట్టింది. "తెలీక వేసుకున్నాను, బాబూ. మా రోజుల్లో ఆ మేకు అతిథులది," అంది. చల్లటి నేల మీద మేజోళ్ళతో గుమ్మందాకా నడిచి వెళ్ళింది.

మర్నాడు ఆవిడ అనుమానం తప్పు అని తేల్చడానికే ఎస్కిల్ దీవి రాడార్ కాగితాలు తెరిచాడు.

అక్కడ ప్లస్ అంటే ప్లాస్మా రాడార్ వైపు వస్తున్నట్టు.

తను రెండింటి ప్లస్‌నీ ఒకటే అనుకుని కలిపేశాడు. సరిచేసి చూస్తే నది ఎప్పటిలాగే పారుతోంది. ఆ నివేదిక బయటికి వెళ్ళి ఉంటే పదిమందిలో పరువు పోయేది.

ఓడ్‌వార్ గదిలోకి పరిగెత్తాడు.

"ఆవిడేరండీ?"

"నాలుగు రోజులుండాల్సింది. నిన్న సాయంత్రం ఓడకే వెళ్ళిపోయింది."

"నా ఉద్యోగం ఆవిడకేనా?"

"డెబ్భై ఆరేళ్ళ మనిషికి ఉద్యోగమేంటయ్యా! ఒకప్పుడు ఈ స్టేషన్ నడిపింది ఆవిడే, అందుకే మొదటి బన్ను ఆవిడకిచ్చా. ఉద్యోగం ఎవరికివ్వాలో చెప్పమని నేనే పిలిపించా. నీకే ఇమ్మంది."

"నాకా? నిన్న అంత జరిగాక కూడానా?"

ఓడ్‌వార్ అతని కాళ్ళకున్న ఊలుచెప్పుల వంక చూశాడు.

"ఒక మాట నీకు చెప్పొద్దంది, అయినా చెప్తున్నా. 'ఆ పదకొండు పేజీలు రాసింది నేనేనని వాడికి తెలియనివ్వకు ఓడ్‌వార్, చెప్పులు విప్పించినందుకు కుమిలిపోతాడు' అంది."