మీ వదిన చుట్లు

హెర్నియా ఆపరేషనై మూడు రోజులైనా ఓబులయ్య నొప్పికి భయపడి నడవలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళు ఊరి వాడుక ప్రకారం నొప్పి పంచే పట్టీ చేతికి కట్టుకుని, తలా పావుగంట అతని నొప్పిలో సగం తాము అనుభవించి, మజ్జిగ తాగి వెళ్ళారు.

నాలుగోరోజు తమ్ముడు సుంకన్న బత్తాయిలతో వచ్చాడు. చనిపోయిన వదిన, ఓబులయ్య భార్య, అప్పట్లో ఆపరేషనై మంచంలో ఉన్నప్పుడు, బస్సుకు టైమైందని పట్టీ ముట్టకుండా పోయినవాడు.

"ఇట్ల తే అన్నా, కట్టుకుంటా."

"ఈ పొద్దు బస్సు లేదా రా నీకు?"

సుంకన్న పట్టీ కట్టుకున్నాడు. ఓబులయ్య లేచి, డాక్టరు చెప్పిన నడక వాకిట్లో మొదలుపెట్టాడు. మూడో చుట్టుకు సుంకన్న కడుపు పట్టుకున్నాడు.

"చాల్లే అన్నా, కూర్చో."

"ఇవి నా చుట్లు రా. మీ వదినవి ఇంకా మొదలుపెట్టలేదు," అన్నాడు ఓబులయ్య, ఆగకుండా.